పదవి ముగిసినా ముగియని అంతరం: వృద్ధుల మరణాలపై సామాజిక, ఆర్థిక స్థాయి ప్రభావం

సారాంశం: ముసలితనం ఉన్నవాణ్నీ లేనివాణ్నీ ఒకే గాట కడుతుందన్న నమ్మకాన్ని, లండన్ వైట్‌హాల్ అధ్యయనం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరణాల నిష్పత్తిలో అంతరం వయసుతో తగ్గినా, ప్రాణనష్టంలో అది పెరుగుతుందని వాదిస్తుంది.

అధ్యయన నేపథ్యం

1967లో మొదలైన ఈ అధ్యయనంలో 40–69 ఏళ్ల పురుషులు 18,000 మందికి పైగా ఉన్నారు. అందరూ ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులే. అప్పటికే బ్రిటన్‌లో 1948 నుంచి జాతీయ ఆరోగ్య సేవ ఉంది. కాబట్టి వైద్యం కొనలేకపోవడం ఒక్కటే వీరి మరణాల్లోని తేడాకు కారణమనలేం.

మరణ కారణాలు

పదేళ్ల పరిశీలనలో పై అధికారులతో పోలిస్తే బంట్రోతులు, ద్వారపాలకుల మరణాలు సుమారు మూడు రెట్లు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, శ్వాసకోశ వ్యాధులు వేర్వేరు జబ్బులైనా వాలు ఒకవైపే. హోదా ఒక్కో మెట్టు దిగేకొద్దీ మరణాలు పెరిగాయి. కింది శ్రేణిలో పొగతాగడం, రక్తపోటు ఎక్కువే. కొలెస్టరాల్ మాత్రం పై శ్రేణిలోనే ఎక్కువ. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా గుండెజబ్బు మరణాల్లోని తేడాలో అధికభాగం అలాగే మిగిలింది.

పదవీ విరమణ తరువాత

పరిశోధకులు మైకేల్ మార్మట్, మార్టిన్ షిప్లీ ఈ అధ్యయనపు 25 ఏళ్ల ఫలితాలను 1996లో ప్రకటించారు. 40–64 ఏళ్ల మధ్య మరణాల్లో అట్టడుగు, అగ్ర శ్రేణుల నిష్పత్తి 3.12, విరమణ తరువాత 1.86. సొంత కారు ఉందా లేదా అన్న కొలమానంతో చూస్తే ఈ తగ్గుదల తక్కువ. హోదా కొలువుతో పోతుంది, ఇంటి కలిమిలేములు మనిషితోనే ఉంటాయి.

నిష్పత్తి తగ్గిందని ఊరట చెందకూడదు. ఒక ఊహా ఉదాహరణ: నడివయసులో వెయ్యికి 3, 9 మంది చొప్పున మరణిస్తే నిష్పత్తి 3, తేడా 6 ప్రాణాలు. వృద్ధాప్యంలో 40, 74 అయితే నిష్పత్తి 1.85, తేడా 34 ప్రాణాలు. వైట్‌హాల్‌లోనూ అసలు తేడా వయసుతో పెరిగింది.

చర్చ

ఇదే ప్రశ్న మన పల్లెలకూ వర్తిస్తుంది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల మరణాలను ఇంటివారిని అడిగి నమోదు చేసిన పరిశోధనలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెజబ్బు పట్నపు రోగమన్న మాట ఇక చెల్లదు. అయితే ఆ 32 శాతంలో కూలీలెందరో, ఆసాములెందరో ఈ అంకె చెప్పదు.

ముగింపు

‘వయసైపోయింది, పోయాడు’ అన్న మాట దుఃఖంలో ఓదార్పు కావచ్చు, పరిశోధనకు జవాబు కాదు. అది పేదవాడి మరణానికి కారణం వెతకనివ్వదు. వృద్ధుల మరణాలను జబ్బు పేరుతో పాటు చదువు, చేసిన పని, ఇంటి ఆస్తి వారీగానూ విడదీసి చూడాలి. ఎనభై ఏళ్ల కూలీ మరణం వెనుక అరవై ఏళ్ల బతుకుంది, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.