ఆనందవల్లి కడవ ఎవరు చేశారు?

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. గొల్లభామ ఆనందవల్లి స్వామి అభిషేకానికి మోసుకెళ్లిన కడవను కాకి ఒలకబోసిందని, ఆమె శపించిందని పెద్దలు చెప్పే కథ. కాకిని గుర్తుపెట్టుకున్నాం. ఆనందవల్లికి గుడి కట్టుకున్నాం. ఆ కడవ చేసిన చేతుల ఊసు మాత్రం నేను విన్న కథలో లేదు.

పల్నాటిలో కుండ చాలా పాతది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వినప్పుడు, ఇక్ష్వాకుల కట్టడాలకంటే ఎంతో ముందరి కొత్తరాతియుగపు కుండలు దొరికాయి. ఎక్కువగా చేత్తో చేసినవే. ఆ తరవాతి కాలపు పెద్దరాతి సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు పెట్టారు. అది రంగు పూత కాదు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, గాలి తగిలినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. మంటను అంతగా ఎరిగినవాళ్లు వాళ్లు. చరిత్ర పుస్తకం వాళ్లను 'బృహత్ శిలాయుగ సంస్కృతి' అని ఒక్క ముక్కలో దాటేస్తుంది. ఆ లోయ సాగర్ నీళ్లలో మునిగింది. కొన్ని కుండలు కొండమీది మ్యూజియంలో మిగిలాయి.

అమెరికాలో న్యూ మెక్సికోలోని టావోస్, పికురిస్ ప్యూబ్లో ఆదివాసులు వాడే మట్టిలోనే అభ్రకం ఉంటుంది. మనం కాకిబంగారం అంటామే, అదే. వాళ్లకు సారె లేదు. మట్టిని తాడులా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, నునుపు చేసి, ఆరుబయట మంటలో కాలుస్తారు. అభ్రకం ఉండబట్టి నేరుగా పొయ్యిమీద పెట్టినా కుండ పగలదు. చిక్కుడు గింజలు అందులోనే ఉడుకుతాయి. తరతరాలుగా అది ఎక్కువగా ఆడవాళ్ల పని. చాలాకాలం దాన్ని వంటకుండ అని చిన్నచూపు చూశారు. 2001లో శాంటా ఫే ఇండియన్ మార్కెట్‌లో నాంబే ప్యూబ్లో మనిషి లోనీ విహీల్ చేసిన అభ్రకం మట్టి కుండకే అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. అక్కడ కుండతోపాటు చేసినవాళ్ల పేరు కూడా పలుకుతారు.

మన గిరిజనుల్లో కుండ చేసేవాళ్లకంటే కొని వాడుకున్నవాళ్లే ఎక్కువ. కానీ ఎరుకలవాళ్ల బుట్టకూ, చాటకూ పట్టిన గతి ఆ కడవకు పట్టినదే. శివరాత్రి తిరునాళ్లలో ప్రభ ఏ ఊరిదో దూరంనుంచే చెప్పేస్తారు. ప్రసాదం పెట్టుకున్న బుట్ట అల్లిందెవరో అడగరు. ఈసారి కొండకు వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లి, అల్లినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్లనే అడిగి రాయమని మా పిల్లలకు చెప్పాను.