రక్తం కాలమ్, యజమాని కాలమ్



అమెరికాలో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "మా తాతమ్మ చెరోకీ రాజకుమారి అంట." చెరోకీలకు రాజులూ లేరు, రాజకుమార్తెలూ లేరు. అయినా ఆ మాట తరాలుగా నడుస్తూనే ఉంది. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ 2018లో డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని ఫలితం బయటపెడితే, ఓక్లహోమాలోని చెరోకీ నేషన్ దాన్ని కొట్టిపారేసింది. పౌరసత్వానికి వాళ్లు చూసేది డీఎన్‌ఏ కాదు, కాగితం. మీ పూర్వీకుల్లో ఒకరి పేరైనా డాస్ రోల్స్‌లో ఉందా? అదే ప్రశ్న.

మరి ఆ కాగితం రాసిందెవరు? ఎందుకు రాశారు?

చెరోకీలు రాసుకున్నది కాదది. వాళ్ల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచి, మిగిలింది బయటివాళ్లకు తెరవడానికి అమెరికా ప్రభుత్వం 1893లో డాస్ కమిషన్ వేసింది. పంచాలంటే జాబితా కావాలి. 1898 నుంచి 1906 దాకా ఐదు తెగల మనుషుల్ని పిలిచి పేర్లు రాసుకున్నారు. రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తు చేస్తే, చివరికి జాబితాకెక్కింది లక్ష మంది చిల్లర. భూమి ముక్కలు కావడం ఇష్టం లేక పేరు ఇవ్వనన్న రెడ్‌బర్డ్ స్మిత్‌ని అరెస్టు చేశారు.

ఆ నమోదు కార్డుల్ని కాస్త నిదానంగా చూడాలి. చెరోకీ అని ఒప్పుకున్న మనిషి కార్డులో పేరు, వయసు, ఆడా మగా, తల్లిదండ్రుల పేర్లు, వాటితోపాటు "రక్తం" అని ఒక కాలమ్. పూర్తి, సగం, పావు, అలా. నల్లవాళ్లకు వేరే కార్డు, వేరే జాబితా: ఫ్రీడ్‌మెన్. అందులో రక్తం కాలమ్ లేదు. దాని బదులు ఇంకో కాలమ్ ఉంది: "ఎవరి బానిస?" తల్లి ఎవరి బానిస, తండ్రి ఎవరి బానిస అని కూడా రాశారు. చెరోకీ తండ్రికి, నల్ల తల్లికి పుట్టిన పిల్లలు చాలామంది కూడా ఈ రెండో జాబితాలోనే పడ్డారు. వాళ్ల ఒంట్లో ఏ రక్తం ఎంతుందో గుమాస్తా రాసుకోలేదు.

అవును, చెరోకీల్లో బానిస యజమానులున్నారు. మనం కన్నీటి బాట గురించి చదివేటప్పుడు ఈ పేజీ దాటేస్తాం. తరిమివేతకు ముందు 1835లో జరిగిన లెక్కల్లో పదహారు వేల పైచిలుకు చెరోకీలతోపాటు దాదాపు 1,600 మంది బానిసలున్నారు. 1838-39లో చెరోకీలను సైన్యంతో పడమటికి తోలినప్పుడు నల్లవాళ్లు కూడా అదే దారిలో నడిచారు, యజమానుల సామాను మోస్తూ, వంట చేస్తూ. భూమి పోగొట్టుకున్న జాతే ఇంకొకరి మెడ మీద కాలు వేయగలదు. చెప్పడానికి కష్టంగానే ఉంది, కానీ చెప్పాలి.

అంతర్యుద్ధం తర్వాత 1866 ఒప్పందం తొమ్మిదో నిబంధన విముక్తులకూ వాళ్ల సంతానానికీ చెరోకీలతో సమానంగా అన్ని హక్కులూ ఇచ్చింది. ఒక మెలిక పెట్టింది: యుద్ధంలో చెల్లాచెదురైనవాళ్లు ఆరు నెలల్లో తిరిగి రావాలి. అందుకే డాస్ కమిషన్ ముందు ముసలివాళ్లను అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడిగారు. యుద్ధం మొదలైనప్పుడు ఎక్కడున్నావు? ఎవరి కింద? ఎప్పుడు తిరిగొచ్చావు? సాక్షులెవరు? ఆ వాంగ్మూలాలు దరఖాస్తు కట్టల్లో ఇప్పటికీ ఉన్నాయి. వంశం వెతికేవాళ్లకు కార్డు కన్నా ఈ కట్టలే బంగారం.

అక్కణ్నుంచి వెనక్కి వెళ్తే గోడ తగులుతుంది. 1850, 1860 అమెరికా జనాభా లెక్కల బానిస పట్టీల్లో ఉండేది యజమాని పేరు. దాని కింద వయసు, ఆడా మగా, రంగు. బానిస పేరు దాదాపు ఎక్కడా ఉండదు. మరి ఆ ముప్పై ఏళ్ల ఆడమనిషి మన అవ్వేనని ఎలా పోల్చుకోవడం? డాస్ కార్డులో ఉన్న యజమాని పేరు పట్టుకుని. అవమానించడానికి పెట్టిన కాలమే ఇంటి దారి చూపిస్తుంది. పాలేరుగా బతికిన మా ముత్తాత పేరు నాకు ఏ పహాణీలోనూ దొరకలేదు. ఆయన పనిచేసిన పటేల్ పేరు మాత్రం ప్రతి పేజీలో ఉంది. ఈ కార్డుల గురించి చదివినప్పుడు అదే గుర్తొచ్చింది.

ఇక రక్తం కాలమ్ ఏం చేసిందో చూడండి. 1980ల్లో, రోల్స్‌లో "రక్తం" ఉన్నవాళ్లకే పౌరసత్వం అని మెలిక పెట్టి ఫ్రీడ్‌మెన్ వారసుల్ని ఓటుకు దూరం చేశారు. మెరిలిన్ వాన్ తండ్రి పేరు డాస్ రోల్స్‌లో ఫ్రీడ్‌మన్‌గా ఉంది. అయినా 2001లో ఆమె దరఖాస్తు తిరస్కరించారు. ఆమె 2003లో కోర్టుకెక్కారు. 2007లో చెరోకీ నేషన్ ఓటింగ్ పెట్టి, దాదాపు 2,800 మంది వారసుల్ని బయటికి నెట్టేలా రాజ్యాంగమే మార్చింది. అది తెగ స్వయం నిర్ణయం కదా అని కొందరు వాదించారు. తేలిగ్గా తీసేసే వాదన కాదది, వాళ్ల జీవితంలో అమెరికా ప్రభుత్వం పెట్టిన వేలు చిన్నది కాదు. కానీ 1866లో సంతకం చేసింది కూడా ఆ నేషనే. 2017లో ఫెడరల్ కోర్టు ఆ మాటే చెప్పింది. 2021 ఫిబ్రవరిలో చెరోకీ సుప్రీంకోర్టు తమ రాజ్యాంగంలోంచి "రక్తసంబంధం వల్ల" అనే మాటలు చెల్లవని తీర్పిచ్చింది.

ఈరోజు ఫ్రీడ్‌మెన్ మనవలు, మునిమనవలు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు చూపించేది ఆ పాత జాబితాలోని పేరునే. రక్తం కాలమ్ లేని కార్డు మీది పేరు.

(తర్వాతి భాగంలో క్రీక్ ఫ్రీడ్‌మెన్ గురించి.)