కొండముచ్చు

పర్ణశాలలో గోదావరి గట్టున చెట్టుకొమ్మ మీంచి నల్లమూతి, బారెడు తోక కనిపిస్తే దాన్ని కోతి అనరు, కొండముచ్చు అంటారు. ‘మ్రుచ్చు’ అంటే దొంగ కాబట్టి ఇది కొండదొంగ అని కొందరి లెక్క. నేనొప్పుకోను. తమిళంలో ముసు అన్నా, కన్నడంలో ముసువ అన్నా ఈ జంతువే. ముచ్చు దాని సొంతపేరు. దానికి ముందు కొండ చేరింది. అనవసరంగా నింద మోస్తోంది.

దాని కాపురంలో మాత్రం లాక్కోవడం ఉంది. చాలా గుంపుల్లో ఆడవి ఎన్నున్నా ఎదిగిన మగది ఒక్కటే. పిల్లలు దాదాపు అన్నీ దాని సంతానమే. జత దొరకని మగవి జట్టుకట్టి తిరుగుతూ, అదను చూసి దాన్ని తరిమేస్తాయి. గెలిచి వచ్చినది ఒక్కోసారి చంటిపిల్లల్ని చంపేస్తుంది. పాలివ్వడం ఆగితే తల్లి త్వరగా ఎదకు వస్తుంది మరి. 1960లలో ధార్వాడ అడవుల్లో జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా ఇలా పిల్లల్ని చంపడం గురించి రాశారు.

ఎర్రమూతి కోతుల్లో ఇలా కాదు. గుంపులో మగవి చాలా ఉంటాయి. సంతానంలో పెద్దదానికే వాటా ఎక్కువ, కానీ అది ఒక ఆడదాన్ని కాపలా కాస్తుంటే ఇంకో ఆడది చాటున చిన్న మగదాన్ని కలుస్తుంది.

కొండముచ్చు పిల్ల పుట్టినప్పుడు నల్లగా ఉంటుంది. గుంపులోని ఆడవి దాన్ని ఒకదాని ఒడిలోంచి ఇంకొకటి అందుకుంటూనే ఉంటాయి.