తెనాలి స్టేషను తగులబడిన దినము

బిలాస్‌పూరు రైలు పట్టణము. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూరును అసన్‌సోలుతో కలుపగా, ఆ మార్గమున బిలాస్‌పూరు ముఖ్యమైన జంక్షనుగా వర్ధిల్లెను. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకును ఈ ప్రాంతమునకును రాకపోకలు సుగమమైనవి. ఇచ్చటి రైల్వే కాలనీలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు స్టేషను అన్నము పెట్టిన చోటు. అట్టి స్టేషనుకు తెలుగువారే నిప్పుపెట్టిన దినమొకటి మన చరిత్రలో కలదు.

1942 ఆగస్టు 8న బొంబాయిలో అఖిల భారత కాంగ్రెసు సంఘము ‘క్విట్ ఇండియా’ తీర్మానమును ఆమోదించెను. మరునాటి ఉదయముననే గాంధీమహాత్ముడును తక్కిన నాయకులును నిర్బంధింపబడిరి. వారించువారు లేక ప్రజాగ్రహమునకు కళ్లెము తెగెను. ఆగస్టు 12న తెనాలిలో జనసమూహము రైల్వే స్టేషనును తగులబెట్టెను. పోలీసుల కాల్పులలో ఏడుగురు నేలకొరిగిరి. వారి స్మారకముగా ఆ పట్టణమున రణరంగ చౌకు నేటికిని నిలిచియున్నది. దేశమంతట మొదటి ఆరేడు వారములలో సుమారు 250 స్టేషనులు ధ్వంసమగుటయో దెబ్బతినుటయో జరిగెను.

కోపము స్టేషనులపైననే ఏల మరలెను? పరప్రభుత్వమునకు సేనలను చేరవేయునది రైలు. ఆజ్ఞలను చేరవేయునది తంతి. ఆ రెండును కలియుచోటు స్టేషను. పల్లెటూరి వానికి కంటికి కనబడు సర్కారు అదియే.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. 1942 జూలై 29 నాటి ఆంధ్ర కాంగ్రెసు సర్క్యులరు తంతి తీగెలు త్రెంచుటకు అనుమతించెను. కాని పట్టాలు తొలగింపరాదనియు, ప్రాణాపాయము కలుగరాదనియు హెచ్చరించెను. తెగిన తీగెను మరల అతుకవచ్చును. పట్టా తప్పిన బండిలోని ప్రాణములను తిరిగి తేలేము. నాయకులు ఈ భేదమును ఎరిగియే హద్దు గీచిరి. నిప్పునకు మాత్రము హద్దు తెలియదు. ఒకమారు రగిలిన పిదప అది పెట్టినవాని మాటయు వినదు.

పది సంవత్సరములు గడచెను. 1944లో మద్రాసు–దక్షిణ మహారాష్ట్ర రైల్వేయు, బెంగాల్ నాగపూర్ రైల్వేయు కంపెనీల చేతినుండి ప్రభుత్వమునకు వచ్చినవి. 1947లో ప్రభుత్వమే ప్రజలదయ్యెను. 1952 డిసెంబరు 15న ఆంధ్ర రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములుగారు అసువులు బాయగా, తెలుగు జిల్లాలలో మరల రైళ్లు నిలిచినవి, స్టేషనులపై దాడులు జరిగినవి, తుపాకులు ప్రేలినవి. డిసెంబరు 19న నెహ్రూగారు రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. కోరిక న్యాయమైనదే. కాని ఈమారు నష్టపడినది పరాయివాని సొత్తు కాదు. దాని వెల చెల్లించినవారు ప్రజలే.

నేడు 1989 నాటి రైల్వే చట్టము 151వ విభాగము ప్రకారము రైల్వే ఆస్తిని నిప్పుపెట్టి నాశనము చేసినవారికి ఐదేండ్ల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. అయినను చట్టముకంటె గొప్ప పాఠము శ్రీరాములుగారి జీవితమే. ఆయన యౌవనమున గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగము చేసినవారు. 58 దినములు తన దేహమునే దహించుకొనిరి గాని పరుల ఇంటికి ఒక నిప్పురవ్వను తాకనీయలేదు. తెనాలి వీరులకు నమస్కరించునప్పుడు ఈ రైల్వే ఉద్యోగిని కూడ స్మరించుట తెలుగువారికి ధర్మము.