చెప్పుకొనరాని నొప్పి



కొన్ని వ్యాధులు దేహమును మాత్రమే బాధించును. కొన్ని నోటిని గూడ మూయించును. స్త్రీల గుహ్యాంగమున మంటగా, సూదులతో గ్రుచ్చినట్లుగా నెలల తరబడి నిలుచు నొప్పి ఈ రెండవ తెగకు చెందినది. తరచుగా పైకి పుండు గాని వాపు గాని కనబడదు. కనబడని నొప్పిని నమ్మువారు అరుదు.

ఈ బాధ నేటిది కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రమున ఇరువది యోనిరోగములు చెప్పబడినవి. వానిలో ఎడతెగని వేదనకు విప్లుత యనియు, భర్తతో కూడినపుడు కలుగు తీవ్రమైన నొప్పికి పరిప్లుత యనియు పేర్లు. పూర్వులు సంకోచింపక పేరు పెట్టిన దానిని మనము సిగ్గుచే మరుగుపరచితిమి. 1880లో అమెరికా వైద్యుడు గెయిలార్డ్ థామస్ దీనిని వర్ణించెను. పిమ్మట వైద్యలోకము దీనిని చాలకాలము పట్టించుకొనలేదు; పెక్కుమంది స్త్రీలకు అది మనోభ్రమ యను మాటయే దక్కెను. 2003లో యోనిముఖవ్యాధుల అంతర్జాతీయ సంఘము దీనికి వల్వోడినియా యను పేరును స్థిరపరచెను. స్పష్టమైన కారణము కానరాక మూడు నెలలైనను తగ్గని నొప్పికి నేడీ పేరు చెల్లుచున్నది.

నొప్పితో పోరాడుట హైదరాబాదునకు క్రొత్త గాదు. 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డు లారీ పూనికతో క్లోరోఫారం పరిశోధన ఇచ్చట జరిగెను. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఇచ్చటి వైద్యపాఠశాలలో చదివి, రోగులకు మత్తుమందిచ్చు వైద్యురాలయ్యెను. శస్త్రము వలని నొప్పికి మందు దొరకెను. చెప్పుకొనరాని నొప్పికి ముందుగా మాట కావలెను. మాటకు చదువు కావలెను. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు మొదలిడిన తెలుగు బాలికల పాఠశాల నారాయణగూడలో నేటికిని వారి పేర నిలిచియున్నది. తన బాధను తన భాషలో చెప్పుకొనగల స్త్రీకి సగము భారము తీరును.

ఈ నొప్పి దాంపత్యమును ఎట్లు చెరచునో వినుడు. నొప్పి భయమును పుట్టించును; భయము కండరములను బిగియించును; బిగువు నొప్పిని హెచ్చించును. క్రమముగా కోరిక అడుగంటును. భర్త దానిని తనయెడ విముఖత యని తలచును. భార్య తన్ను తానే నిందించుకొని, నిద్రకును నవ్వునకును దూరమగును. ఇంటివారు గయ్యాళి యనియో, గాలి సోకిన దనియో అందురు. ఇరువురిలో ఎవరును దోషులు కారు.

నేడు కటి కండరముల సాధనయు, మందులును, దంపతులిరువురకు కలిపి చేయు హితబోధయు మేలు చేయుచున్నవి. పెద్దలారా! మీ యింటి కోడలు గాని కూతురు గాని ఇట్టి బాధ చెప్పినచో, దిష్టి తీయుటతో సరిపెట్టక స్త్రీల వైద్యురాలికడకు పంపుడు. చెప్పలేకున్నచో, ఇంటి ముసలమ్మచేత మెల్లగా అడిగింపుడు. ఆమె మాట నమ్ముటయే మొదటి చికిత్స.