జీవజలం: కాగ్నా తీరపు మెట్టనేలలో ఒక సంకేతపు పుట్టుపూర్వోత్తరాలు

క్రైస్తవ విశ్వాసంలో నీరు ఆత్మీయ జీవనానికి సంకేతం కావడం వెనుక ఎడారి అంచున బతికిన జనుల దాహం ఉంది. పాలస్తీనాలో ఏడాదికి కొన్ని నెలలే వాన కురుస్తుంది; మిగిలిన కాలమంతా ఊటబావులూ, రాతిలో తొలిచిన తొట్లూ ఆధారం కాబట్టి, దేవుని కృపను చెప్పడానికి అక్కడి ప్రవక్తలు మాటిమాటికీ నీటినే ఆశ్రయించారు. వికారాబాద్ జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న బషీరాబాద్ ప్రాంతపు రైతుకు ఈ పోలికను విడమరచి చెప్పవలసిన పనిలేదు. వానను నమ్మి కంది వేసే ఈ నాపరాతి నేలలో, తాండూరు మీదుగా పారి కర్ణాటకలో భీమానదిని కలిసే కాగ్నా కూడా వేసవిలో చాలామేర ఇసుకగా మిగులుతుంది.

బైబిలు పాత నిబంధనలో నీటికి రెండు ముఖాలున్నాయి. జలప్రళయంలోనూ ఎర్రసముద్రంలోనూ అది ముంచివేసే శక్తి. ఆలయపు గడప కింద పుట్టి ఉప్పుసముద్రం దాకా పారి దాని నీటిని బాగుచేసే నదిని యెహెజ్కేలు ప్రవక్త దర్శించిన చోట అది బతికించే శక్తి. యూదుల ధర్మశాస్త్రం ఊటనీటిని, పారే నీటిని ‘జీవజలం’గా పరిగణించింది, శుద్ధి కోసం వారు మునిగే స్నానపు కుండానికి మిక్వే అని పేరు. ఆ స్నానం అవసరమైనప్పుడల్లా చేసేది కాగా, యొర్దాను నదిలో బాప్తిస్మమిచ్చు యోహాను దానిని పశ్చాత్తాపానికి గుర్తుగా, వేరొకరి చేతిమీదుగా పొందవలసిన సంస్కారంగా మార్చాడు. పౌలు రోమీయులకు రాసిన లేఖలో నీటిలోకి దిగడం క్రీస్తుతోపాటు సమాధి కావడమని, పైకి రావడం కొత్త జీవితమని చెప్పడంతో, నీటి రెండు ముఖాలూ ఒకే సంస్కారంలో కలిశాయి.

ఎంత నీరు కావాలన్న ప్రశ్న ఆదిమ సంఘానికే ఎదురైంది. మొదటి శతాబ్దాంతం, రెండో శతాబ్దారంభాల నాటిదని భావించే ‘డిడకే’ అనే బోధగ్రంథం పారే నీరు శ్రేష్ఠమని, అది లేకుంటే వేరే నీరైనా సరేనని, అదీ చాలకుంటే తలపై మూడుసార్లు పోస్తే చాలునని విధించింది. నీటికొరత ఉన్న దేశంలో పుట్టిన నియమంలా కనిపించే ఈ వెసులుబాటులో గొప్ప వివేకముంది. సిరియాలోని దూరా యూరోపోస్‌లో బయటపడిన, క్రీ.శ. 240 ప్రాంతపు బాప్తిస్మపు గది గోడపై బావిలో నీళ్లు తోడుతున్న స్త్రీ చిత్రముంది. ఆమె యేసు తల్లి మరియ అని ఇటీవల కొందరు వాదిస్తున్నా, యోహాను సువార్తలోని సమరయ స్త్రీ అని చాలాకాలంగా పండితుల గుర్తింపు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలంలో, ఆ స్త్రీ చేతినీళ్లు అడిగి తాగడానికి సిద్ధపడిన తరువాతనే యేసు ఆమెకు జీవజలం గురించి చెప్పాడు. తెలుగు పల్లెలో ఈ కథ ఎలా వినిపించి ఉంటుందో ఊరి బావుల చరిత్ర తెలిసినవారు ఊహించగలరు.

ఎంత నీరన్నదే కాక, ఎవరికి బాప్తిస్మమన్నదీ వివాదమైంది. పసిబిడ్డలకు అది చెల్లదన్నవారికీ చెల్లుతుందన్నవారికీ ఐరోపాలో 1525 నుంచి తీవ్రమైన కలహం సాగింది; 1527లో జ్యూరిక్ నగరం చెల్లదన్నవారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను ఆ కారణంగా లిమ్మత్ నదిలో ముంచి చంపించింది. విశ్వసించినవారిని పూర్తిగా ముంచే బాప్టిస్టు పద్ధతి, చిలకరింపును కూడా అంగీకరించే మెథడిస్టు పద్ధతి వేర్వేరు దారుల్లో తెలుగునేలకు చేరాయి.

బాప్టిస్టు దారిలో మరువరాని ఘట్టం 1878 నాటిది. 1876లో మొదలైన ఘోరమైన కరవులో, సర్వేపని తెలిసిన ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండికోసమే మతం మారారన్న మాట రాకూడదని, కరవు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. సాయం ముగిశాక, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లిలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీటిలో దిగారు. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా ఏటిలో నిలబడగా, గట్టుమీద ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే వారు ఒక్కొక్కరుగా దిగి వచ్చారు. ఊరి వారి నోట గౌరవంగా తమ పేరు వినడం ఎరుగని మాదిగ కుటుంబాలవారే అక్కడ ఎక్కువ. అంకె పెద్దదే కాని, అంతకంటె విలువైనది ఆ పిలుపు అనిపిస్తుంది.

నిజాం రాజ్యపు పడమటి ప్రాంతం అమెరికన్ మెథడిస్టుల సేవాక్షేత్రం. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం పడ్డాక, దానిమీదున్న వికారాబాద్ వారికి ముఖ్యకేంద్రమై పాఠశాలకూ వైద్యానికీ నెలవైంది. ఇక్కడి ప్రార్థనామందిరాలలో పాదిరి గిన్నెలోని నీటిని చేత్తో తీసుకొని, పేరు పలికి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున తలపై చిలకరిస్తాడు; తల్లి ఒడిలోని బిడ్డకూ అదే పద్ధతి. ఏటా నవంబరులో ధారూర్‌లో జరిగే మెథడిస్టు జాతరకు తెలంగాణ పల్లెల నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ వచ్చే కుటుంబాలు గుడారాలు వేసుకొని రోజుల తరబడి ఉంటాయి.

ఈ సంకేతపు బలాన్ని తెలుగునాట పరీక్షించినది నదికన్నా ఊరి బావి. మాల మాదిగలను తన గట్టు ఎక్కనివ్వని బావి ఉన్న ఊళ్లో, ఎవరైనా వచ్చి ఉచితంగా పుచ్చుకోవచ్చన్న జీవజలపు బోధ పరలోకానికి మాత్రమే చెందినదిగా వినిపించదు. మిషన్ ఆవరణల్లో తవ్వించిన బావులు ఆ బోధకు నిదర్శనంగా నిలిచాయి. అయితే ఒకే నీటితో బాప్తిస్మం పొందినవారు సైతం కులంవారీగా వేరువేరు వాడల్లో, వేరువేరు సంఘాల్లో మిగిలిపోయిన ఊళ్లు లేకపోలేదు. మునగడమా చిలకరించడమా అన్న వాదంకన్నా తీవ్రంగా చర్చించవలసిన లోపం ఇదే.

ఆ వాదం మాత్రం ఇక్కడి మెథడిస్టులకు ఏనాడో తీరింది. 1947 నాటి దక్షిణ ఇండియా సంఘంలో కలవకుండా నిలిచి, 1981లో స్వయంపాలన పొందిన భారత మెథడిస్టు సంఘం చిలకరించడం, పోయడం, ముంచడం మూడింటినీ అంగీకరిస్తుంది. ఏ పద్ధతిలోనైనా ఒకసారి బాప్తిస్మం పొందినవారికి దానిని తిరిగి ఇవ్వదు.