ఆగి ఉన్న లారీని కారు ఢీకొడితే తప్పెవరిది? పరిహారం ఎవరివ్వాలి?

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల దగ్గర 2024 మార్చి 6న ఆగి ఉన్న లారీని ఓ కారు వెనక నుంచి ఢీకొట్టింది. తిరుమల వెళ్లి హైదరాబాద్ తిరిగొస్తున్న ఒకే కుటుంబంలోని ఐదుగురు చనిపోయారు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది.. "వెనక నుంచి గుద్దింది కారే కదా, లారీవాళ్లు ఏం చేస్తారు?" చట్టం మాత్రం అంత సింపుల్‌గా చూడదు.

ఇతరులకు ప్రమాదం కలిగేలా రోడ్డు మీద బండి ఆపడమే తప్పు అంటోంది మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్. 2018లో అర్చిత్ సైనీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. రాత్రిపూట, లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో ఆపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు ఢీకొట్టిన కేసు అది. కారు డ్రైవర్ తప్పు కూడా ఉందన్న హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, బాధ్యత మొత్తం ట్యాంకర్‌దేనని సుప్రీం తేల్చింది. అలాగని ప్రతి కేసులోనూ ఇదే తీర్పు రాదు. లారీ రోడ్డు దిగి ఆగి, పార్కింగ్ లైట్లు వెలుగుతూ ఉండి, కారు డ్రైవర్ నిద్రమత్తులో ఉంటే లెక్క మారిపోతుంది. అందుకే లారీని క్రేన్‌తో పక్కకు లాగకముందు తీసిన ఫొటోలు, పోలీసుల పంచనామా చాలా కీలకం. ఇండికేటర్ వెలిగిందా, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉందా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు.

కారులో కూర్చున్నవాళ్ల సంగతి వేరు. రెండు బండ్ల డ్రైవర్లదీ తప్పు ఉన్నా, ప్రయాణికులు పూర్తి పరిహారాన్ని ఏదో ఒక వైపు నుంచే వసూలు చేసుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. డ్రైవర్‌కు మాత్రం ఆయన తప్పు ఎంతుంటే అంత కోత పడుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ప్రమాదం ఆళ్లగడ్డలో జరిగినా కేసు కోసం నంద్యాల కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. బాధితులు ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి గడువు ఆరు నెలలే. ఎవరి తప్పో నిరూపించకుండా క్లెయిమ్ చేసే దారి కూడా ఉంది. అందులో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు రెండున్నర లక్షలు ఇస్తారు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ స్కీమ్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు వస్తాయి.

అసలు రెండో బండే లేకపోతే? 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర రోడ్డుపై ఆరబోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి భూమా శోభా నాగిరెడ్డి కారు బోల్తా పడింది. మర్నాడు హైదరాబాద్‌లో ఆమె కన్నుమూశారు. ఇలా బండి దానంతటదే పడిపోయిన కేసుల్లో అంతా సొంత పాలసీ మీదే ఆధారపడి ఉంటుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే కారులో ఉన్నవాళ్లకు సాధారణంగా కవరేజీ ఉండదు. యజమానే నడుపుతూ చనిపోతే, ప్రీమియం కట్టి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసుకుని ఉంటేనే కుటుంబానికి ఆ డబ్బు వస్తుంది.